స్కూటరు ఎప్పుడు ఆగుతోంది?

(కావలిలో యువ మెకానిక్‌లు, వాహనదారులు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగం, పూర్తి పాఠం)

సభకు నమస్కారం.

షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న యువకులు, ఐ.టి.ఐ. విద్యార్థులు ఈ సభలో ఒక పక్కన కూర్చున్నారు. బడికీ బ్యాంకుకీ రొయ్యల చెరువుల దగ్గరికీ రోజూ స్కూటరు మీదే తిరిగే అక్కచెల్లెళ్లు, పెద్దలు మరో పక్కన ఉన్నారు. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం ఇద్దరిదీ. బండి స్టార్ట్ అవుతుంది, కానీ సరిగా నడవదు. జర్కులు ఇస్తుంది, పికప్ ఉండదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, లేదా నడిరోడ్డు మీద పోతూ పోతూ ఆగిపోతుంది. పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం కంటే ఇలా అప్పుడప్పుడూ ఆగే బండిని బాగుచేయడం కష్టం, ఎందుకంటే షెడ్డుకు తెచ్చేసరికి అది చక్కగా నడుస్తూ ఉంటుంది. అందుకే ఇలాంటి బండికి మొదటి వారం ప్లగ్గు, రెండో వారం కార్బొరేటరు, మూడో వారం బ్యాటరీ మారుస్తారు. డబ్బు ఖర్చవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఏ భాగం చెడిందో తేల్చకుండా సామాను మార్చడాన్ని మరమ్మతు అనడానికి నేను ఒప్పుకోను. ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ బండి ఎప్పుడు ఆగుతోంది? దానికి సరైన జవాబు దొరికితే స్పానరు ముట్టుకోకముందే సగం పని అయిపోతుంది.

ఇంజను నడవడానికి నాలుగు కావాలి. తగినంత గాలి, ఆ గాలికి తగిన పెట్రోలు, సరైన క్షణంలో బలమైన స్పార్కు, ఆ మిశ్రమాన్ని నొక్కిపట్టే కంప్రెషన్. మన వీధుల్లో తిరిగే స్కూటర్లలో ఎక్కువ భాగం నాలుగు స్ట్రోకుల, ఒకే సిలిండరు ఇంజన్లు. అటువంటి ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు సిలిండరులో పెట్రోలు సెకనుకు 50 సార్లు మండాలి. స్లో స్పీడులో, అంటే యాక్సిలరేటరు వదిలేసినప్పుడు సుమారు 1,700 చుట్ల దగ్గర, సెకనుకు 14 సార్లు మండితే చాలు. అయితే స్లోలో ఇంజనుకు వేగం తాలూకు ఊపు తక్కువగా ఉంటుంది కాబట్టి, రెండు మూడు సార్లు వరసగా మంట తప్పితే బండి ఆగిపోతుంది. అదే తప్పు 50 కిలోమీటర్ల వేగంలో జరిగితే మనకు ఒక చిన్న జర్కు మాత్రమే తెలుస్తుంది. కాబట్టి స్లోలో ఆగే బండినీ, వేగంలో ఆగే బండినీ ఒకే జబ్బు కింద జమకట్టకూడదు.

మొదట స్లోలో ఆగే బండి సంగతి చూద్దాం. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటరు ఉన్న స్కూటర్లలో స్లో స్పీడుకు పెట్రోలు ఇచ్చేది పైలట్ జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క. దాని రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. నెల రోజులు వాడకుండా నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు ఆ రంధ్రాన్ని మూసివేయడానికి చాలు. అలాంటి బండి చోక్ వేసి పెట్రోలు పాలు పెంచితే నడుస్తుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది. యాక్సిలరేటరు పట్టుకుంటే బాగా పోతుంది, వదిలితే చచ్చిపోతుంది. ఈ రెండు గుర్తులూ కలిసి కనబడితే పైలట్ జెట్ దగ్గరికే వెళ్లాలి. ఇక్కడ ఒక దురలవాటు గురించి గట్టిగా చెప్పాలి. చాలా షెడ్డుల్లో జెట్టును ఇనుప తీగతోనో సూదితోనో పొడుస్తారు. ఇత్తడి మెత్తటి లోహం. ఒక్కసారి గీసుకుంటే రంధ్రం పెద్దదై, ఆ తర్వాత ఎంత ట్యూనింగు చేసినా మైలేజీ రాదు. కార్బొరేటర్ క్లీనరులో నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి రంధ్రం గుండ్రంగా కనబడుతోందో లేదో చూడాలి.

జెట్టు శుభ్రంగా ఉన్నా స్లో నిలబడకపోతే, కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్య ఉన్న మానిఫోల్డు దగ్గర దొంగగాలి లోపలికి పోతోందేమో చూడాలి. రబ్బరు పగిలినా, ఓ-రింగు గట్టిపడినా, బోల్టు వదులైనా కార్బొరేటరు కొలిచి ఇచ్చిన లెక్క తప్పి మిశ్రమం పలచబడుతుంది. ఇంజను స్లోలో తిరుగుతుండగా ఆ అతుకుల మీద సబ్బునీళ్లు కొద్దిగా చల్లితే, లీకు ఉన్నచోట ఇంజను శబ్దం మారుతుంది. కొందరు దీనికి పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద, పక్కనే స్పార్కు ఉన్నచోట పెట్రోలు చల్లడం ప్రాణాలతో చెలగాటం. దయచేసి ఆ పని ఎవ్వరూ చేయవద్దు.

ఇక పోతూ పోతూ ఆగే బండి. ఇందులో అత్యంత తేలికైన కారణాన్నే చాలామంది చివరికి చూస్తారు, అందుకే నేను దానితో మొదలుపెడతాను. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే, దిగినంత మేర ట్యాంకులోకి గాలి రావాలి. ఆ గాలి మూతలోని సన్నటి దారి గుండా గానీ, విడిగా అమర్చిన గొట్టం గుండా గానీ వస్తుంది. దుమ్ము, గ్రీజు, కడిగినప్పుడు చేరిన బురద ఆ దారిని మూస్తే ట్యాంకులో ఒత్తిడి తగ్గి, పెట్రోలు దిగడం మెల్లగా మానేస్తుంది. నెల్లూరు నుంచి బయలుదేరిన బండి కొడవలూరు దాకా చక్కగా వచ్చి, అక్కడ ఊపిరి తగ్గినట్టు నెమ్మదించి ఆగిపోతుంది. పది నిమిషాలు నిలబెడితే గాలి మెల్లగా చొరబడి మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇంకాసేపు పోయాక మళ్లీ అదే. ఇలాంటి బండి ఆగిన చోటనే ట్యాంకు మూత తెరిచి చూడాలి. మూత తెరవగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ వెంటనే బండి నడిస్తే జబ్బు తేలినట్టే. కాణీ ఖర్చు లేని పరీక్ష ఇది. ఇది చేయకుండా కార్బొరేటరు విప్పినవారిని నేను మెచ్చుకోలేను.

మూతలో తప్పు లేకపోతే ఆ తర్వాతది పెట్రోలు కాక్, అంటే ట్యాంకు నుంచి పెట్రోలును వదిలే కుళాయి. చాలా కార్బొరేటరు స్కూటర్లలో పాత బండ్లలా చేత్తో తిప్పే కాక్ ఉండదు. ఇంజను పీల్పుతో తెరుచుకునే ఆటో కాక్ ఉంటుంది. మానిఫోల్డు నుంచి వచ్చే సన్నటి రబ్బరు గొట్టం దాన్ని తెరుస్తుంది. ఆ గొట్టం పగిలినా ఊడినా కాక్ పూర్తిగా తెరుచుకోదు, వేగంలో పెట్రోలు చాలక బండి ఆగుతుంది. దాని లోపలి డయాఫ్రం, అంటే పలచటి పొర, చిరిగితే ఇంకో రకం ఇబ్బంది వస్తుంది: పెట్రోలు నేరుగా ఆ సన్న గొట్టంలోంచి ఇంజనులోకి పోయి, పొగ నల్లబడి, మైలేజీ పడిపోయి, వేడి మీద స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది. సన్న గొట్టాన్ని కాక్ వైపు ఊడదీసి చూసినప్పుడు ఆ కొసలో పెట్రోలు తడి కనబడితే డయాఫ్రం పోయినట్టే, ఎందుకంటే ఆ గొట్టంలో ఉండవలసింది గాలి పీల్పు మాత్రమే.

మన జిల్లాల్లో పెట్రోలు సంగతి చెప్పేటప్పుడు నీళ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో షెడ్డుకు వచ్చే బండ్లలో ట్యాంకులో నీళ్లు చేరినవి చాలానే ఉంటాయి. సీటు కింద మూత ఉన్న బండ్లలో మూత చుట్టూ చిన్న గుంట ఉంటుంది. అక్కడ నిలిచిన నీరు, మూత వాషరు గట్టిపడి ఉంటే, చుక్కచుక్కగా లోపలికి దిగుతుంది. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి ట్యాంకు అడుక్కీ, కార్బొరేటరులో పెట్రోలు నిలిచే బౌల్ అనే గిన్నె అడుక్కీ చేరుతుంది. జెట్లు మునిగి ఉండేది ఆ అడుగునే. గతుకులో బండి ఎగిరినప్పుడు నీటి బొట్టు జెట్టులోకి పోతుంది, ఇంజను ఒక్కసారిగా తడబడుతుంది. బౌల్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూను వదులు చేసి, వచ్చినదాన్ని తెల్లటి గాజుసీసాలో పట్టి, వెలుతురులో చూడండి. అడుగున వేరుగా నిలిచిన పొర కనబడితే ట్యాంకు మొత్తం దించి కడగవలసిందే. బౌల్ ఒక్కటే ఖాళీ చేసి పంపితే వారానికే మళ్లీ వస్తుంది.

ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. కొద్దిపాటి తేమను అది పెట్రోలుతో పాటే మోసుకుపోయి ఇంజనులో ఆవిరి చేయిస్తుంది కాబట్టి, ఆ మేరకు మేలే. కానీ నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పొరగా దిగిపోతాయి. ఆ పొర మీద బండి నడవదు. రెండో సంగతి, మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసినదానికి సుమారు 13.5 కిలోలు చాలు. అంటే పాత పెట్రోలుకు సెట్ చేసిన కార్బొరేటరు బండిలో మిశ్రమం కొంచెం పలచగా నడుస్తుంది. మంచి స్థితిలో ఉన్న బండికి ఇది పెద్దగా తెలియదు. జెట్టు సగం మూసుకుపోయిన బండికి మాత్రం ఈ కొద్ది తేడా కూడా తోడై స్లో నిలబడకుండా చేస్తుంది. మూడో సంగతి, పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు ఉబ్బి, లోపల పెచ్చులూడతాయి. 15 ఏళ్ల నాటి బండి నడుపుతున్నవారు పెట్రోలు గొట్టాలను ఒకసారి కొత్తవి వేయించుకోవడం మంచిది. పెట్రోలు బాగోలేదని బంకువారిని తిట్టే ముందు మన ట్యాంకు మూత వాషరు చూసుకోవడం న్యాయం.

ఇప్పుడు వేడి మీద ఆగే బండి. రోహిణీ కార్తెలో ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. పొద్దున ఏడు గంటలకు చక్కగా నడిచిన బండి మధ్యాహ్నం అద్దంకి బస్టాండు దగ్గర ఆగిపోయి, అరగంట చెట్టు నీడన పెడితే గానీ కదలదు. దీనికి మూడు కారణాలు ఉండవచ్చు, వాటిని వేరు చేయడంలోనే మెకానిక్ పనితనం తెలుస్తుంది.

ఒకటి, స్పార్కుకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిలు గానీ, ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెటో లోపల స్పార్కు క్షణాన్ని తెలిపే పల్సర్ కాయిలు గానీ వేడికి లోపల తెగడం. చల్లగా ఉన్నప్పుడు తెగిన రాగి తీగ కొసలు తాకుతూ ఉంటాయి. వేడెక్కి వ్యాకోచించినప్పుడు విడిపోతాయి. షెడ్డులో చల్లటి కాయిలుకు మీటరు పెట్టి కొలిస్తే అంకె సరిగానే వస్తుంది, కాయిలు మంచిదని తేల్చేస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఈ జబ్బును బండి ఆగిన నిమిషంలో, ఆగిన చోటనే చూడాలి. డిక్కీలో ఒక మంచి ప్లగ్గు, ప్లగ్ స్పానరు పెట్టుకోమని యజమానికి చెప్పండి. ఆగిన వెంటనే ప్లగ్ క్యాపును ఆ మంచి ప్లగ్గుకు తొడిగి, దాని లోహభాగాన్ని ఇంజనుకు గట్టిగా ఆనించి, సెల్ఫ్ కొట్టి చూడాలి. నీలిరంగులో, టక్కుమనే శబ్దంతో స్పార్కు వస్తే కాయిలు బాగున్నట్టు. రాకపోతే, అది చల్లారాక మళ్లీ వస్తే, కాయిలు దోషం రుజువైనట్టు. ఈ పరీక్షలో ఇంజనులోని ప్లగ్గును విప్పకుండా బిగించే ఉంచాలి. విప్పి పెడితే ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి వచ్చి స్పార్కుకు అంటుకునే ప్రమాదం ఉంది.

రెండోది వాల్వు సందు. వాల్వు అంటే సిలిండరులోకి మిశ్రమాన్ని రానిచ్చి, పొగను పోనిచ్చే తలుపు. దాన్ని నొక్కి తెరిచేది ట్యాపెట్. ట్యాపెట్‌కూ వాల్వు కొసకూ మధ్య ఉండే ఈ సందు చాలా స్కూటర్లలో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది; మీ మోడలుకు ఎంతో పుస్తకంలో చూసుకోవాలి. వాల్వు సీటు అరిగేకొద్దీ ఈ సందు తగ్గుతూ వస్తుంది. ట్యాపెట్ శబ్దం చేయడం లేదని యజమాని సంతోషిస్తాడు, కానీ వేడెక్కి వాల్వు సాగినప్పుడు అది పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. అటువంటి బండిలో స్పార్కు ఉంటుంది, పెట్రోలు ఉంటుంది, సెల్ఫ్ మాత్రం తేలిగ్గా, ఎదురులేకుండా తిరుగుతూ ఉంటుంది, ఇంజను అందుకోదు. కొలత ఎప్పుడూ ఇంజను పూర్తిగా చల్లారాకనే తీయాలి. శబ్దం వినపడకూడదని ట్యాపెట్లు బిగించి ఇచ్చే అలవాటు ఎన్ని ఇంజన్లను పాడుచేసిందో నాకు తెలుసు. శబ్దం కొద్దిగా ఉన్న ట్యాపెట్ చేసే చెరుపు, శబ్దమే లేని ట్యాపెట్ చేసే చెరుపు ముందు చాలా స్వల్పం.

మూడోది చల్లదనం. స్కూటరు ఇంజను ప్లాస్టిక్ కవర్ల మధ్య దాగి ఉంటుంది కాబట్టి, మాగ్నెటో మీద బిగించిన ఫ్యాను గాలి కొడితేనే అది చల్లబడుతుంది. వరి కోతల కాలంలో కళ్లాల మీదుగా తిరిగే బండ్లలో ఆ ఫ్యాను జాలీకి గడ్డి పరకలు, పొట్టు పట్టి గాలి దారి మూసుకుపోతుంది. కవరు తీసి చేత్తో శుభ్రం చేస్తే చాలు. ఇంజను ఆయిలు మట్టం కూడా అప్పుడే చూడండి. చాలా 110 సీసీ స్కూటర్లలో ఆయిలు మార్చేటప్పుడు పట్టేది 700 నుంచి 800 మిల్లీలీటర్లే. అందులో 300 తగ్గినా ఇంజను మీద పడే భారం ఎంతో ఆలోచించండి.

ప్లగ్గును చూసి చదవడం ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి. ఇంజను లోపలి సంగతిని అంత నిజాయితీగా చెప్పే భాగం మరొకటి లేదు. మొనలు లేత గోధుమరంగులో పొడిగా ఉంటే మంట బాగుంది. పొడి నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, లేదా గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టరూ చోకూ చూడాలి. కొన్ని మోడళ్లలో చోకుకు మీట ఉంటుంది, కొన్నిటిలో దానంతట అదే పనిచేసే ఆటో చోక్ ఉంటుంది. ఆటో చోక్ చెడి తెరుచుకునే ఉండిపోతే వేడెక్కాక బండి గుడగుడలాడుతూ ఆగుతుంది. ప్లగ్గు పెట్రోలు వాసనతో తడిగా ఉంటే స్పార్కు రాక పెట్రోలు మండలేదని అర్థం. నూనె తడి ఉంటే రింగులో వాల్వు సీలో అరిగాయి. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే మిశ్రమం పలచబడి ఇంజను అతిగా వేడెక్కుతోంది. అయితే స్లోలో పది నిమిషాలు తిప్పి తీసిన ప్లగ్గు నల్లగానే ఉంటుంది, దాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. నాలుగైదు కిలోమీటర్లు మామూలు వేగంలో నడిపి, అక్కడే ఇంజను ఆపి, కాస్త చల్లారాక తీసి చూడాలి. మొనల మధ్య సందు మోడలును బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సందు పెరిగిన ప్లగ్గులో, బండి ఎత్తు ఎక్కేటప్పుడు, స్పార్కు ఆ సందు దాటలేక మిస్సింగు ఇస్తుంది, అంటే మధ్యమధ్య మంట తప్పుతుంది.

వైరింగు జబ్బులకు ఒక గుర్తు ఉంది: అవి ఒక్కసారిగా, స్విచ్చి ఆపినట్టుగా ఇంజనును చంపుతాయి. పెట్రోలు జబ్బుతో ఆగే బండి తడబడి, తగ్గి, తర్వాత ఆగుతుంది. హ్యాండిలు పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు ఆగితే మెడ దగ్గర వైరు లోపల తెగింది. గతుకులో ఆగితే బ్యాటరీ టెర్మినలో, ఎర్తింగు బోల్టో, తాళం స్విచ్చో వదులైంది. ధాన్యం బస్తాలున్న ఇళ్లలో నిలబెట్టే బండ్ల వైర్లను ఎలుకలు కొరుకుతాయి, అది కూడా చూడండి. మైపాడు, కొత్తపట్నం, పాకల వంటి సముద్రతీర గ్రామాల బండ్లలో ఉప్పుగాలికి కనెక్టర్ల లోపల పచ్చటి చిలుం పడుతుంది. పైకి తగిలించినట్టే ఉంటుంది, లోపల కరెంటు సగం కూడా పోదు. వానలో మాత్రమే ఆగే బండిని రాత్రిపూట చీకట్లో స్టార్ట్ చేసి, ప్లగ్ క్యాపు చుట్టూ, కాయిలు తీగ పొడవునా గమనించండి. ఎక్కడ నీలి మెరుపులు కనబడితే అక్కడ కరెంటు లీకవుతోంది. అప్పుడు చెయ్యి మాత్రం దూరంగా ఉంచుకోండి.

దుమ్ము గురించి ఒక మాట. చీమకుర్తి గ్రానైటు క్వారీల దారిలో రోజూ తిరిగే బండికి, నెల్లూరు పట్టణంలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు మార్చే గడువు ఒకటి కాదు. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్లకు రాసినవి. రాతి పొడిలో తిరిగే బండికి దానిలో సగానికే మార్చాలి. నూనె పూసిన కాగితపు ఫిల్టర్లను గాలి కొట్టి మళ్లీ వేయకూడదు. కొట్టిన గాలికి కాగితం చిరిగితే ఆ రాతి పొడి నేరుగా సిలిండరులోకి పోయి రింగుల్ని తినేస్తుంది. ఫిల్టరు ఖరీదుతో పోలిస్తే బోరింగు ఖర్చు ఎంతో షెడ్డులో పనిచేసేవారికి నేను చెప్పనక్కరలేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగ కాలుష్యానికి హద్దు పెట్టే బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక వచ్చిన స్కూటర్లలో దాదాపు అన్నిటికీ కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే పెట్రోలును కొలిచి చిమ్మే ఏర్పాటు, వచ్చింది. వీటిని చూసి మన కుర్రవాళ్లు కొందరు జంకుతున్నారు. జంకవలసిన పని లేదు, కావలసిన నాలుగూ అవే. తాళం తిప్పగానే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్ల పాటు సన్నటి గుయ్‌మనే శబ్దం రావాలి. అది పెట్రోలు పంపు శబ్దం. అది రాకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరసలో చూడండి. ఇంజెక్షన్ బండికి బ్యాటరీ ఆరోగ్యం మరీ ముఖ్యం. విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది, 12 కంటే కిందికి దిగితే అది ఖాళీ అయినట్టు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కంటే తక్కువకు పడిపోతే బ్యాటరీ బలహీనపడినట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 వరకు రాకపోతే చార్జింగు వ్యవస్థను చూడాలి. మీటరులో ఇంజను బొమ్మ దీపం వెలిగి ఉంటే, అది ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కపెట్టి కోడు చదివే పద్ధతి కొన్ని బండ్లలో ఉంది, స్కానరు పెట్టి చదివే పద్ధతి మిగతావాటిలో ఉంది. కోడు ఏ సెన్సరు వైపు చూపితే ముందు ఆ సెన్సరు కనెక్టరును, వైరును పరిశీలించాలి. సెన్సరు ఖరీదైనది, దాన్ని చివరికి మార్చాలి. సైడ్ స్టాండు స్విచ్చికి బురద పట్టినా ఇంజను ఆగుతుంది. బంకులో మెడ దాకా నిండుగా కొట్టించాక వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తే, పెట్రోలు ఆవిర్లు పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు పొర్లి ఉండవచ్చు. అలాంటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి పట్టుకుని సెల్ఫ్ ఐదు సెకన్లు కొడితే ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది. నిండుగా కొట్టించే అలవాటు మానుకోవడం దానికి మందు.

నీళ్లలో మునిగిన బండి సంగతి వేరు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్నో స్కూటర్లు మునిగాయి. నెల్లూరు రైల్వే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచినప్పుడు ఇప్పటికీ మునుగుతూ ఉంటాయి. సైలెన్సరు మునిగే లోతులో ఆగిన బండిని అక్కడే సెల్ఫ్ కొట్టకండి. సిలిండరులో నీరు ఉంటే అది అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని బయటికి నెట్టి, ప్లగ్గు విప్పి, తాళం ఆపి ఉంచి కిక్కుతో నీరు బయటికి తోసి, ఎయిర్ ఫిల్టరు, ట్యాంకు, బెల్టు డబ్బా ఆరబెట్టి, ఇంజను ఆయిలూ గేరు ఆయిలూ మార్చిన తర్వాతే స్టార్ట్ చేయాలి. ఆయిలు పాల రంగుకు తిరిగి ఉంటే ఒకసారి మారిస్తే చాలదు. కాసేపు నడిపి మళ్లీ మార్చాలి.

ఇంటి గదిలోనో షెడ్డు లోపలో తలుపు మూసి ఇంజను నడిపి పరీక్ష చేయవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, మనిషిని తెలియకుండానే పడగొడుతుంది.

ఇక యజమానులకు ఒక విన్నపం. షెడ్డుకు వెళ్లి "బండి సరిగా లేదన్నా, చూడు" అని తాళం చేతిలో పెట్టి వెళ్లిపోకండి. "పొద్దున బాగానే ఉంటా ఉందన్నా, కోవూరు దాటినాక తగ్గిపోతా తగ్గిపోతా ఆగిపోతా ఉంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ పోతా ఉంది" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంలో ట్యాంకు మూత, కాక్, కాయిలు, వాల్వు తప్ప మిగతావన్నీ పక్కకు పోయాయి. ఎప్పుడు పెట్రోలు కొట్టించారు, ఎప్పుడు వానలో తడిసింది, అంతకుముందు ఎవరు ఏమి మార్చారు, ఇవి కూడా చెప్పండి. చివరిసారి విప్పిన చోటునే మొదట అనుమానించడం మంచి మెకానిక్ లక్షణం. గొట్టం తిరిగి సరిగా ఎక్కించకపోవడం, కనెక్టరు సగమే నొక్కడం ఎవరి చేతుల్లోనైనా జరుగుతాయి.

పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు చెప్పేది ఇంకా కచ్చితంగా చెబుతాను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ప్లగ్గూ జెట్టూ ఫిల్టరూ ఒకేసారి మారిస్తే బండి బాగయినా ఏది జబ్బో మీకు తెలియదు, మీరు నేర్చుకున్నది ఏమీ ఉండదు, యజమాని మూడింటికీ డబ్బు కట్టాడు. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని బండి నంబరు, యజమాని చెప్పిన లక్షణం, మీరు చేసిన పరీక్ష, దొరికిన కారణం రాసుకోండి. తీసిన పాత సామానును యజమానికి చూపించి, ఎక్కడ చెడిందో వేలు పెట్టి చెప్పండి.

బండి ఇచ్చేముందు దాన్ని ఏ పరిస్థితిలో ఆగిందో ఆ పరిస్థితిలోనే నడిపి చూడాలి. ఎండలో ఆగిన బండిని సాయంత్రం చల్లబడ్డాక వీధి చివరిదాకా తిప్పి బాగయిందనడం సరికాదు. మధ్యాహ్నం రెండు గంటలకు, వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, హైవే మీద పది కిలోమీటర్లు పోయి, ఆపి, పావుగంట ఎండలోనే నిలబెట్టి, చోక్ లేకుండా మళ్లీ స్టార్ట్ చేయండి. స్లోలో రెండు నిమిషాలు వదిలేసి, హెడ్‌లైటు వేసి, హ్యాండిలు రెండు పక్కలకూ తిప్పి చూడండి. అప్పటికీ ఆగకపోతే ప్లగ్గు తీసి రంగు చూసి, నోటుపుస్తకంలో రాసి, తాళం యజమాని చేతికి ఇవ్వండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. మీలో ఎవరి బండి ఇలా ఆగుతూ ఉంటే వారు ముందుగా లేచి, అది ఎప్పుడు ఆగుతోందో చెప్పాలి.